హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, అసలు ఎన్ని గంటలు పడుతుంది?

మీరడిగింది: అమ్మానాన్నలు మొదటిసారి డాలస్ వస్తున్నారు, ఒకచోట 18 గంటలని, టికెట్ సైట్‌లో 24 గంటలని చూపిస్తోంది, ఏది నిజం అని. టికెట్ మీద ఉన్నదే నిజం. మొదటిది దూరాన్ని విమానం వేగంతో భాగించి తీసిన లెక్క.

నేరుగా గీత గీస్తే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. డైరెక్ట్ ఫ్లైట్ లేదు కాబట్టి ఆ అంకెతో మనకు పనిలేదు. దోహా మీదుగా అయితే మొదటి ఫ్లైట్ 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. రెండోది 12,700 పైనే, ఇంచుమించు 16 గంటలు. దుబాయ్ మీదుగా వచ్చినా పెద్ద తేడా ఉండదు.

గంటకు 900 చొప్పున వేస్తే రెండో ఫ్లైట్ 14 గంటల్లో రావాలి కదా అనిపిస్తుంది. కానీ పడమటికి వెళ్లేటప్పుడు పైన ఎదురుగాలి. దానికితోడు విమానం గేటు నుంచి రన్‌వే దాకా మెల్లగా వెళ్లే సమయం, ఏదైనా దేశం గగనతలం మూసేస్తే చుట్టుదారి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తుంది, గంటన్నర దాకా కలిసొస్తుంది.

టైమ్ లెక్క ఇలా చూడండి. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. జూన్‌లో తెల్లవారుజామున 3:30కి శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 5 గంటలకి డాలస్‌లో దిగారనుకోండి. గడియారంలో తేడా 13:30, దానికి 10:30 కలిపితే సరిగ్గా 24 గంటలు. అందులో మధ్యలో ఆగేది మూడున్నర గంటలు.

పెద్దవాళ్లకి ఆ మూడు, నాలుగు గంటలు ఉండి తీరాలి. గంటన్నర కనెక్షన్ చూసి మొత్తం సమయం తగ్గుతుందని మురిసిపోకండి. మొదటి ఫ్లైట్ ఓ గంట ఆలస్యమైతే రెండోది పోయినట్టే. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లని ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చడానికే చాలాసేపు పడుతుంది. అది కూడా బుకింగ్ అప్పుడే అడిగి పెట్టుకోండి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే కనెక్షన్ తప్పినప్పుడు కొత్త టికెట్ మీ చేతి ఖర్చే. హైదరాబాద్ కౌంటర్‌లోనే రెండు బోర్డింగ్ పాసులూ తీసుకుని, లగేజీ ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ (DFW, డాలస్ ఎయిర్‌పోర్ట్ కోడ్) అని ఉందో లేదో చూసుకోమనండి.

చవక అని న్యూయార్క్‌లో ఆగి మారే టికెట్ మాత్రం వాళ్లకి వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వేయాలి. ఇంగ్లిష్ రానివాళ్లకి అది నిజంగా నరకం.

బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. ఏ పూట డోసు ఏ టైమ్‌కి వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసివ్వండి. 16 గంటల ఫ్లైట్‌లో నడవా పక్క సీటు ఇప్పిస్తే, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయడం తేలిక.

తిరుగు ప్రయాణంలో తేదీ దగ్గర చాలామంది తడబడతారు. శుక్రవారం సాయంత్రం 7కి డాలస్‌లో ఎక్కితే, 22 గంటల ప్రయాణం, పదిన్నర గంటల తేడా కలిపి ఆదివారం తెల్లవారుజామున 3:30కి హైదరాబాద్‌లో దిగుతారు. కారు పంపేవాళ్లకి శనివారం అర్ధరాత్రి దాటాక బయల్దేరాలని విడమరిచి చెప్పండి.