సంగీత సందేహాలు: సొంత కీర్తనలు, మారే గొంతు, మొదటి కచేరీ

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. జొన్నవాడ కామాక్షమ్మ మీద సొంతంగా ఆరు కీర్తనలు కట్టాడు. నవరాత్రులకు గంటసేపు కచేరీ చేయమని గుడివాళ్ళు అడిగారు. ఆరూ పాడతానంటున్నాడు. గొంతు కూడా మారుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఆరూ వద్దండీ, రెండు చాలు. కచేరీ మొదట్లో పాడే వర్ణం, వినాయకుడి మీద చిన్న కృతి అయ్యాక మీవాడిది ఒకటి మధ్యమకాలంలో (మరీ నిదానం, మరీ వేగం కాని నడకలో) పాడించండి. ప్రధాన కృతి, తని ఆవర్తనం (మృదంగం వారు ఒంటరిగా వాయించే ఘట్టం) పెద్దల రచనలోనే ఉండనిచ్చి, రెండోది చివర్లో పెట్టండి. ఇబ్బందంతా పక్కవాద్యాలతోనే. తెలిసిన కృతి అయితే వయొలిన్ విద్వాంసులు పల్లవి ఎత్తగానే అందుకుంటారు. కొత్తదాన్ని వెతుక్కుంటూ రావాలి. అందుకే వారం ముందే స్వరసాహిత్యం రాసి పంపండి. రాగం, ఆరోహణ అవరోహణలు, తాళం, ఏ సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) ఎన్నిసార్లు అన్నీ అందులో ఉండాలి. ఎత్తుగడ సమంలో (తాళం మొదటి దెబ్బ మీద) కాక అర అక్షరం తర్వాత ఉంటే మృదంగం వారికి విడిగా చెప్పండి. చెప్పకపోతే మొదటి ఆవర్తనంలోనే (తాళం ఒక చుట్టులోనే) తడబాటు వస్తుంది.

ఆ రెండూ ఏవో ఎలా తేల్చాలి? ఈ వయసువాళ్ళు ముందు వరుస (బాణీ) కట్టేసి, అందులో మాటలు ఇరికిస్తారు. హ్రస్వాన్ని సాగదీస్తే ‘హరి’ కాస్తా ‘హారీ’ అయి కూర్చుంటుంది. తాళం వేస్తూ, రాగం లేకుండా, సాహిత్యాన్ని ఒట్టి మాటలుగా చదివించండి. ఆదితాళమైతే ఎనిమిది అక్షరాల ఆవర్తనంలో మాట ఎక్కడ విరుగుతోందో అప్పుడే తెలిసిపోతుంది.

తర్వాత ప్రాస, అంటే పాదాల్లో రెండో అక్షరం కలవడం. పల్లవి ‘కామాక్షి’ అని మొదలైతే దాని తర్వాతి భాగం అనుపల్లవి ‘సోముని’, ‘శ్యామల’ లాంటి మాటతో రావాలి. ‘కమల’ అని ఎత్తుకుంటే రెండో అక్షరం ‘మ’యే, కానీ మొదటిది హ్రస్వం. చెవికి తేడా కొట్టేది అక్కడే. ముద్ర (కీర్తనలో కవి పెట్టుకునే సంతకం పేరు) విషయంలో తొందర వద్దు. శ్యామశాస్త్రి వాడిన ‘శ్యామకృష్ణ’ లాంటి పెద్దల ముద్రకు దగ్గరగా ఉండేది అసలే వద్దు. (అన్నట్టు, కామాక్షి మీద అన్ని కృతులు చెప్పిన ఆ శ్యామశాస్త్రి పూర్వీకులది మన కంభమే.) తొందర వద్దని ఎందుకంటున్నానంటే, మంగళంపల్లి బాలమురళీకృష్ణ డెబ్బైరెండు మేళకర్తల్లో (మూల రాగాల్లో) కృతులు కట్టింది ఇంకా కుర్రతనంలోనే. అవి పుస్తకంగా వచ్చింది మాత్రం 1952లో, ఇరవై దాటాక. మీవాడికీ వ్యవధి ఉంది.

ఇక గొంతు. ఈ వయసులో స్వరతంత్రులు పొడవు పెరిగి మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి (ఒక షడ్జం నుంచి కింది షడ్జం దాకా) కిందికి దిగుతుంది. పాత శ్రుతినే (పాటకు ఆధారమైన ‘స’ ఎత్తునే) పట్టుకుని తారస్థాయికి అరిస్తే గొంతు చెడుతుంది. మంద్ర పంచమం (కింది ‘ప’) నుంచి తార షడ్జం (పై ‘స’) దాకా నొప్పి లేకుండా పలికే శ్రుతి చూసుకోండి. రెండు మూడు నెలలకోసారి మళ్ళీ చూడండి, అది దిగుతూనే ఉంటుంది. సాధన పొద్దునా సాయంత్రం ఇరవై నిమిషాల చొప్పున, విలంబంలో (నిదానంగా) ‘ఆ’ అంటూ అకారం. శ్రుతి తగ్గించిన సంగతి మృదంగం వారికి ముందే తెలియాలి. హెచ్చు శ్రుతి మృదంగం సుమారు 22 అంగుళాలు, తగ్గు శ్రుతిది 24. ఒకదాన్ని లాగి రెండోదాని పని చేయించలేరు. కచేరీ నాటికి గొంతు మరీ పగులుతుంటే వాయిదా వేయడమే మేలు. గుడివాళ్ళు వచ్చే ఏడూ పిలుస్తారు.

ప్రశ్న: నా కీర్తనను ఎవరో నా పేరు చెప్పకుండా పాడి వీడియో పెట్టారు. నాకు పదిహేడేళ్ళు. రిజిస్టర్ చేయిస్తే ఉపయోగమా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తగాదా వస్తే రుజువుగా పనికొస్తుంది. సాహిత్యం ఒక రచన, వరుస వేరొక రచన. ఒక్కోదానికి కాపీరైట్ ఆఫీసులో ఫారం 14, రుసుము రూ.500. రికార్డింగ్‌కైతే రూ.2,000. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రాగం మీద మాత్రం ఎవరికీ హక్కు ఉండదు. రికార్డింగ్ కంపెనీ కాగితాలేవైనా వస్తే పద్దెనిమిది నిండేదాకా మీరు సంతకం పెట్టకండి. మైనరు ఒప్పందం చెల్లదు, అమ్మానాన్నలే చూడాలి.

ప్రశ్న: పదహారేళ్ళ వాళ్ళకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: సీసీఆర్టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ సంస్థ) వారిది 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్ళు ఇచ్చేది 18 నుంచి 25 ఏళ్ళ వారికి. పదహారు ఆ రెంటికీ మధ్య పడింది. ఈ రెండేళ్ళలో సంగీతంలో సర్టిఫికెట్ పరీక్ష పూర్తిచేసుకుని, పద్దెనిమిది రాగానే దరఖాస్తు పెట్టండి.