కొటేషన్ మీద సంతకం పెట్టేముందు

తిరుపతి, ఆదివారం

పాపా,

నీ కలంకారీ చీరల అంగడికి వెబ్‌సైటు చేస్తానన్న అబ్బాయి ఇచ్చిన కొటేషన్, నువ్వు వాట్సాప్‌లో పంపింది, చూశాను. ఏడు లైన్లలో ఐదు అర్థం కాలేదన్నావు. అర్థం కాకూడదనే అట్లా రాస్తారేమో అని నాకు ఎప్పట్నుంచో అనుమానం. సంతకం పెట్టకుండా ఆగినావు, మంచి పని చేశావు.

మొదటి లైన్‌లో ‘డొమైన్ ఫ్రీ’ అని ఉంది. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో నీ అంగడి పేరు. కొన్నాం అంటారు గానీ, ఏడాదికింత అని కట్టి మన పేరు మీద పెట్టుకోవడమే. డాట్ కామ్ అయితే ఒకేసారి పదేళ్లకు మించి ఇవ్వరు. డాట్ ఇన్ పేర్ల పట్టీని నిక్సీ అనే సంస్థ చూసుకుంటుంది, మనకు అమ్మేది మాత్రం రిజిస్ట్రార్లు అనే కంపెనీలు. ఆ అబ్బాయిని నువ్వు అడగాల్సింది ఫ్రీయా కాదా అని కాదు, ఎవరి పేరు మీద తీసుకుంటావని. రికార్డులో ‘రిజిస్ట్రంట్’ అన్నచోట ఎవరి పేరుంటే డొమైన్ వాళ్లది. డబ్బు నువ్వే కట్టినా సరే.

ఇది నాకు తగిలిన దెబ్బ. లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రావెల్స్ నడిపే రోజుల్లో సైటు చేసిన అబ్బాయే తన పేరుతో, తన మెయిల్‌తో డొమైన్ తీసుకున్నాడు. నేను పట్టించుకోలేదు. తర్వాత అతను బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు మార్చాడు. రెన్యువల్ మెయిళ్లన్నీ అతనికే పోయాయి. సరిగ్గా బ్రహ్మోత్సవాల వారంలో సైటు ఆగిపోయింది, దాంతోపాటు బుకింగ్ మెయిళ్లూ ఆగిపోయాయి. అతన్ని పట్టుకునేసరికి తొమ్మిది రోజులైంది. అదృష్టం బాగుండి పేరు ఇంకా పోలేదు. డాట్ కామ్‌కు గడువు దాటినా చాలామంది రిజిస్ట్రార్లు కొన్నాళ్లు మామూలు రేటుకే రెన్యువల్ చేస్తారు. అదీ దాటితే 30 రోజులు రిడెంప్షన్, అంటే భారీ జరిమానా కడితేనే పేరు తిరిగి ఇస్తారు. ఆ తర్వాత 5 రోజులకు ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

హోస్టింగ్ వేరే సంగతి. అది నీ సైటు ఫైళ్లు పెట్టుకునే చోటు, అంటే సర్వర్ అనే కంప్యూటర్‌లో జాగా. నచ్చకపోతే ఖాళీ చేసి ఇంకో చోటికి పోవచ్చు. షేర్డ్ హోస్టింగ్ అంటే లాడ్జిలో డార్మిటరీ, పక్క మంచం వాడి గోల మనమూ భరించాలి. వీపీఎస్ అంటే తాళం ఉన్న గది, కానీ చాలాచోట్ల ఊడ్చుకోవడం, తుడుచుకోవడం మనదే. డెడికేటెడ్ అంటే బిల్డింగంతా. నీకు వీపీఎస్ రాశాడు. నలభై చీరలు చూపించే సైటుకు అదెందుకు? షేర్డ్‌తో మొదలుపెట్టు, జనం పెరిగితే మారదాం.

‘అన్‌లిమిటెడ్’ అన్న మాట చూసి మురిసిపోకు. అన్‌లిమిటెడ్ మీల్స్ మెస్సులో మూడోసారి పప్పు అడిగితే వడ్డించేవాడు ఎట్లా చూస్తాడో తెలుసు కదా. నిబంధనల్లో ఎక్కడో సీపీయూకు, అంటే సర్వర్ మనకోసం చేసే పనికి, ఫైళ్ల సంఖ్యకు హద్దు ఉంటుంది. అది చదువు. రెండో ఏడాది రేటు కూడా అడుగు. మొదటి ఏడాది తగ్గింపు చూపించి తర్వాత రెట్టింపు చేసేవాళ్లున్నారు.

బ్యాండ్‌విడ్త్ అంటే చూసేవాళ్లకు చేరే డేటా. నువ్వు కలం గీత స్పష్టంగా కనపడాలని 5 ఎంబీ ఫొటోలు పెడతావు. పేజీలో పది ఫొటోలుంటే 50 ఎంబీ. వెయ్యి మంది చూస్తే 50 జీబీ. అవే ఫొటోలు 200 కేబీకి తగ్గిస్తే 2 జీబీతో పోతుంది, సైటూ చప్పున తెరుచుకుంటుంది. పల్లు ఒక్కటి మాత్రం పెద్దదిగా పెట్టుకో, నీ పనితనం అందులోనే ఉంది.

ఇక డీఎన్ఎస్. పేరు చెబితే సర్వర్ అడ్రసు చెప్పేది. ఆ పట్టీ ఉండే చోటు నేమ్‌సర్వర్. సైటు ఎక్కడుందో ‘A’ అనే రికార్డు చెబుతుంది, మెయిల్ ఎక్కడికి పోవాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. హోస్టింగ్ మార్చేటప్పుడు నేమ్‌సర్వర్ మారిస్తే పాత రికార్డులు వాటంతట అవే కొత్తచోటికి రావు. సైటు బాగానే కనిపిస్తుంది, మెయిళ్లు మాత్రం రావు, మూడో రోజు ఎవరో ఫోన్ చేసి తిట్టేదాకా మనకు తెలియదు. అందుకే మార్చేముందు పాత రికార్డులన్నీ ఫొటో తీసి పెట్టుకో. సర్వర్ అడ్రసు మాత్రమే మారుతుంటే ముందురోజే టీటీఎల్‌ను, అంటే పాత అడ్రసును ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకెను, 86400 నుంచి 300కు తగ్గించమను. అవి సెకన్లు. ఒక రోజు పట్టేది ఐదు నిమిషాల్లో మారుతుంది.

ఎస్ఎస్ఎల్‌కు, అంటే సైటుకూ చూసేవాళ్లకూ మధ్య పోయే డేటా ఇంకెవరూ చదవకుండా వేసే తాళానికి, డబ్బు రాశాడు, కొట్టేయ్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఆ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగుల్లో దానంతటదే రెన్యువల్ అవుతుంది. అప్‌టైమ్ అంటే సైటు ఆగకుండా నడిచే సమయం. ‘99.9 శాతం అప్‌టైమ్’ అంటే నెలకు 43 నిమిషాలు ఆగినా మాట తప్పనట్టే. అంతమాత్రానికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

బ్యాకప్ ఉందన్నాడు. ఎక్కడుంది? అదే సర్వర్‌లో ఉంటే అది బ్యాకప్ కాదు. నెలకోసారి ఒక కాపీ నీ హార్డ్ డిస్కులో పడాలి. ఒకసారి తిరిగి పెట్టి చూపించమను.

గురువారం మీ పెద్దమ్మ రాహుకేతు పూజకు కాళాస్తి పోదామంటోంది. పూజ అయ్యాక మీ ఇంటికే భోజనానికి వస్తాం. ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టి ఉంచు. నీ మెయిల్‌తో, నీ కార్డుతో డొమైన్ అక్కడే కూర్చుని తీసుకుందాం. ఆ అబ్బాయికి మిగతా పని ఇద్దాం, చేతిపని బాగానే ఉన్నట్టుంది.

మీ పెదనాయన