స్టాకింగ్ జారి చుట్టుకుపోతోందంటే

వెరికోస్ వెయిన్స్‌కి (కాళ్లలో ఉబ్బి మెలితిరిగిన సిరలకి) వేసుకున్న స్టాకింగ్ (కాలిని బిగుతుగా పట్టి ఉంచే మేజోడు) మధ్యాహ్నానికల్లా జారి మోకాలి కింద తాడులా చుట్టుకుంటోంది, పాదం వాస్తోంది అన్నారు కదండీ. చాలావరకు తప్పు కొలతదే. సాయంత్రం వాచిన కాలికి కొలిస్తే సైజు పెద్దదే వస్తుంది మరి! పొద్దున మంచం దిగకముందే చీలమండ పైన సన్నటి చోటు, పిక్క లావైన చోటు, మడమ నుంచి మోకాలి మడత దాకా పొడవు టేపుతో కొలవండి.

తొడిగేటప్పుడు మడమ దాకా తిరగేసి, ముందు పాదం ఎక్కించి, మిగతాది అరచేతులతో పైకి సర్దండి. అంచు పట్టి లాగొద్దు. మోకాలి మడతకు రెండు వేళ్ల కింద ఆపండి. మిగిలిందని మడిచారో, అక్కడ ఒత్తిడి పెరిగి రక్తం పైకి పోదు.

షుగర్ ఉన్నా, పాదాలు చల్లగా ఉంటున్నా ధమనుల డాప్లర్ (కాళ్లకు రక్తం సరిగా అందుతోందో చూసే పరీక్ష) చేయించాకే వేసుకోండి. ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి నొప్పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.