కార్బన్ పన్ను వేస్తే సరిపోదా? సోలార్, గాలి కరెంటుకు మళ్లీ వేలంపాటలు ఎందుకు?

సరిపోదు, రెండూ చేసే పనులు వేరు. వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి వేసే ఈ పన్ను ముందుగా పనిచేసేది ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్ల మీద. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదిలితే, మంచి గ్యాస్ ప్లాంటు వదిలేది అందులో సగానికి లోపే. పన్ను పెరిగేకొద్దీ బొగ్గు వెనక్కి తగ్గుతుంది.

సోలార్, గాలిమరల సంగతి వేరు. ఇంధనం కొనక్కర్లేదు, ఖర్చంతా ముందే పెట్టాలి. అందుకే కరెంటు ధరను చాలావరకు అప్పు మీద వడ్డీయే తేలుస్తుంది. 15, 20 ఏళ్లకు ధర ఖాయమని ఒప్పందం చేతిలో ఉంటే బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది.

ఆ ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తే చిక్కు. 2010 నాటికి 400 మెగావాట్ల సోలార్ చాలనుకున్న స్పెయిన్‌లో 2008 ఒక్క ఏడాదే 2,500 మెగావాట్లకు పైగా వచ్చిపడింది. ఆ భారం మోయలేక తర్వాత చెల్లింపుల్లో కోత పెట్టారు, పెట్టుబడిదారుల నమ్మకం దెబ్బతింది. వేలంలో అయితే ఎన్ని మెగావాట్లన్నది ముందే తేలిపోతుంది, తక్కువ ధరకు కరెంటు ఇస్తామన్నవాళ్లకే ఒప్పందం దక్కుతుంది. కాకపోతే మరీ తక్కువకు పాడి, కట్టకుండా వదిలేసేవాళ్లుంటారు. డిపాజిట్, స్థలం కాగితాలు, గ్రిడ్ అనుమతి చూపనిదే పాటకు రానివ్వకూడదు.

వీటన్నిటికంటే ముందు లైన్లు వేయాలి. సోలార్ ప్లాంటు ఒకటి రెండేళ్లలో లేస్తుంది, హైటెన్షన్ లైనుకు చాలాచోట్ల ఐదు నుంచి పదేళ్లు పడుతుంది.