పన్నెండేళ్లు అక్కడే చదివినవాడు నాన్‌లోకల్ ఎలా అవుతాడు?

మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: మా తమ్ముడు 2013లో హెచ్-1 ఉద్యోగ వీసా మీద అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ వెళ్లాడు. అప్పటికి మా మేనల్లుడికి ఐదేళ్లు. 2018లో తమ్ముడి ఉద్యోగం పోయింది. ఇంకో కంపెనీ దొరికేలోపు 60 రోజుల గడువు దాటిపోయింది, ఎవరో ఒకాయన అంతా సరిచేస్తానని డబ్బు తీసుకుని ఏమీ చెయ్యలేదు, అప్పటి నుంచి కాగితాలు లేకుండానే ఉంటున్నారు. పిల్లాడు ఇప్పుడు పన్నెండో క్లాసు, బాగా చదువుతాడు. అక్కడి గవర్నమెంట్ యూనివర్సిటీలో లోకల్ ఫీజుకే చదివించొచ్చని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నారు. ఇప్పుడు అది తీసేశారు. మా ఆయనేమో "వీసా లేనివాళ్లకి ఫీజు తగ్గించడం ఎక్కడి న్యాయం, మన పక్కింటాయన ఘట్‌కేసర్‌లో ప్లాటు అమ్మి కొడుక్కి ఫుల్ ఫీజు కట్టడం లేదా" అంటారు. ఆయన మాటా కొట్టిపారెయ్యలేను. మీరేమంటారు? పిల్లాణ్ని ఇక్కడికి పంపించెయ్యమని చెప్పనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, నా మాట ముందే చెప్పేస్తాను. ఆ పిల్లాడికి లోకల్ ఫీజు ఇవ్వాలి. మీ తమ్ముడు చేసింది ఒప్పా తప్పా అన్నది వేరే సంగతి, అందులోకి నేను పోను. ఐదేళ్లప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని విమానం ఎక్కినవాడి ఫీజు గురించే నేను మాట్లాడుతున్నాను.

నేను రిటైరయ్యేదాకా చాలా ఏళ్లు ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి కూర్చున్నాను. మీవారి ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఒక తండ్రీకొడుకులు. తండ్రిది ఒడిశా, గంజాం జిల్లా, ఇక్కడ తాపీపని. మేం అడిగిన అడ్రస్ ప్రూఫ్ ఏదీ సరిగ్గా లేదు, అద్దె ఇల్లు, అదీ ఏడాదికొకటి మారడమే. ఆయన చేతులు వణుకుతున్నాయి, సీటు పోతుందేమోనని టెన్షన్. పిల్లాడు మాత్రం చంకలోని ప్లాస్టిక్ కవర్ తీసి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఏడూ వరసగా టేబుల్ మీద పరిచాడు. అన్నీ జీడిమెట్ల చుట్టుపక్కలవే. ఐదు నిమిషాల్లో లోకల్ అని రాసి సంతకం పెట్టాను. అదే వారం కోదాడ నుంచి ఒకమ్మాయి వచ్చింది, తాతల నాటి పొలం అక్కడే, ఓట్లు అక్కడే, కానీ ఏడో తరగతి నుంచి విజయవాడ హాస్టల్లో ఉండి చదివింది. నాన్‌లోకల్. వాళ్ల నాన్న పాస్‌బుక్ చూపించి ఎంత వాదించినా నేను ఒక్క అక్షరం మార్చలేకపోయాను.

అంటే మన దగ్గర లోకల్ అన్న మాట తండ్రి కాగితంలో నుంచి రాదు, పిల్లాడు కూర్చున్న బెంచీలో నుంచి వస్తుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పిందీ అదే: క్వాలిఫైయింగ్ పరీక్షతో కలిపి వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మెడికల్ సీట్ల విషయంలో ఈ నాలుగేళ్ల రూలు మీద ఎంత గొడవ నడిచిందో మీకు తెలుసు, హైకోర్టు 2024లో ఒకటి చెబితే సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్‌లో రాష్ట్రం పెట్టిన రూలునే నిలబెట్టింది. ఆ రూలు వల్ల బాధపడ్డ పిల్లలు నాకు తెలుసు, కోదాడ అమ్మాయి ఏడుస్తూ వెళ్లడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అయినా మూలంలో ఉన్న ఆలోచన సరైనదనే నేను నమ్ముతాను. తండ్రి కాగితాన్ని కొలతగా పెడితే ఏమవుతుందో కూడా చూశాం. 2014లో ఫాస్ట్ పథకం కింద 1956 నవంబర్ 1కి ముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే ఫీజు కడతామన్నారు, ఇక్కడే పుట్టి ఇక్కడే చదివిన పిల్లలు తాత కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు, హైకోర్టు తప్పుబట్టింది, చివరికి పథకాన్నే వెనక్కి తీసుకున్నారు.

టెక్సాస్ 2001లో చేసిన చట్టం మన నాలుగేళ్ల రూలుకి అన్నదమ్ముల్లాంటిది. హైస్కూలు అక్కడే పూర్తిచెయ్యాలి, దానికి ముందు కనీసం మూడేళ్లు అక్కడ ఉండాలి, అర్హత వచ్చిన వెంటనే గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెడతానని అఫిడవిట్ రాసివ్వాలి, అప్పుడు లోకల్ ఫీజు. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. రెండు పార్టీలవాళ్లూ దాదాపు ఏకగ్రీవంగా ఓటేశారు, సంతకం పెట్టిన గవర్నర్ రిక్ పెర్రీ రిపబ్లికన్. అలాంటి చట్టం 24 ఏళ్లు నడిచి ఒక్క పూటలో పోయింది. 2025 జూన్ 4న అమెరికా న్యాయశాఖ కేసు వేసింది, కాపాడాల్సిన రాష్ట్ర అటార్నీ జనరలే సరేనన్నాడు, కొన్ని గంటల్లో జడ్జి ఆర్డర్ వచ్చేసింది. దాని మీదే బతుకుతున్న పిల్లల మాట వినడానికి ఆ పూట ఎవరికీ తీరిక లేకపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో లోకల్ ఫీజు ఏడాదికి సుమారు 11, 12 వేల డాలర్లు, బయటివాళ్లకి 40 వేలు దాటుతుంది. కాగితాల్లేని పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వం విద్యార్థులకిచ్చే గ్రాంటు, లోను ఏదీ రాదు. కాబట్టి ఫీజు పెంచడమంటే ఆ పిల్లాణ్ని చదువు మానెయ్యమనడమే.

మీవారు ఇంకో మాట అంటారు, నాకు తెలుసు. గంజాం పిల్లాడు భారత పౌరుడు, మీ మేనల్లుడు అమెరికా పౌరుడు కాడు. నిజమే, ఆ తేడా చిన్నది కాదు. కానీ బడి దగ్గర ఆ దేశం ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పేసింది. టెక్సాస్‌లోనే టైలర్ అనే ఊళ్లో కాగితాల్లేని పిల్లలు బడికి రావాలంటే ఏడాదికి 1000 డాలర్లు కట్టాలన్నారు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది కుదరదంది, తల్లిదండ్రులు చేసినదానికి పిల్లలకి చదువు లేకుండా చెయ్యకూడదంది. ఆ తీర్పు బడి వరకే, కాలేజీకి వర్తించదు. అయితే ఒక్కసారి ఆలోచించండి, ఒకటో క్లాసు నుంచి పన్నెండు దాకా రాష్ట్రమే ఖర్చు పెట్టి చదివించి, చేతికి అందివచ్చే సమయానికి నువ్వు మావాడివి కాదు పో అంటే ఆ ఖర్చు ఎవరికి పనికొచ్చినట్టు?

ఇక పక్కింటాయన ప్లాటు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, మా బంధువుల్లోనే అలా అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లే అబ్బాయి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కోసం బ్యాంకు బ్యాలెన్సు చూపించి, చదువయ్యాక తిరిగొస్తానని కాన్సులేట్‌లో చెప్పి వెళతాడు. అతని బడి ఇక్కడుంది, ఇల్లు ఇక్కడుంది, చదువు పూర్తయినా కాకపోయినా రావడానికి ఒక ఊరుంది. మీ మేనల్లుడికి ఏ ఊరుంది? ఇద్దరికీ ఒకే ఫీజు అంటే వినడానికి సమానంగా ఉంటుంది గానీ ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు.

ఇప్పుడు పంపించాలా వద్దా అన్న మాట. ఇది ఫోన్‌లో తేల్చే విషయం కాదు, కానీ ఒక తేదీ మాత్రం రాసిపెట్టుకోండి. అక్కడి చట్టం ప్రకారం 18 నిండేదాకా కాగితాల్లేకుండా ఉన్న రోజులు పిల్లాడి ఖాతాలో పడవు. 18 నిండిన దగ్గర్నుంచి లెక్క మొదలవుతుంది. 180 రోజులు దాటాక బయటికి వస్తే మూడేళ్లు, ఏడాది దాటాక వస్తే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. అంటే రావాలనుకుంటే 18 నిండాక 180 రోజుల లోపే వస్తే ఆ నిషేధం తగలదు, రేపు ఎఫ్-1 మీద వెళ్లడానికి కనీసం ఆ అడ్డు ఉండదు. వీసా ఇస్తారన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. మీ తమ్ముడూ మరదలూ వస్తే వాళ్లకి పదేళ్లు తప్పదు. అందుకని ఈసారి లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌నే కలవమనండి. ఫీజు తగ్గుతుందని కాలేజీ ఫారంలోనో ఎయిడ్ ఫారంలోనో పౌరుణ్నని టిక్కు పెట్టొద్దని కూడా గట్టిగా చెప్పండి. ఆ ఒక్క అబద్ధంతో జీవితాంతం తలుపులు మూసుకుపోతాయి.

వస్తే ఇక్కడేమిటి? రాయడానికి నాకు కష్టంగానే ఉంది, ఇక్కడ కూడా వాడు నాన్‌లోకలే. నాలుగేళ్ల చదువు లేదు కదా. మీ తమ్ముడు దంపతులు తెలంగాణలో పదేళ్లు ఉన్నట్టు రుజువుంటే 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకి పోటీ పడొచ్చు, లేదా మేనేజ్‌మెంట్ కోటా. అక్కడి పన్నెండో క్లాసుకి ఇంటర్ బోర్డు నుంచి ఈక్వలెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇదంతా నెలల పని. డాలస్‌లో పన్నెండేళ్లు చదివి అక్కడ లోకల్ కాక, కూకట్‌పల్లిలో పుట్టి ఇక్కడా లోకల్ కాక ఆ పిల్లాడు ఎక్కడివాడవుతాడో మీవారిని ఒకసారి అడగండి.

అక్కడే ఉండాలనుకుంటే ముందు కమ్యూనిటీ కాలేజీ చూడమనండి, ఫీజు పెరిగినా యూనివర్సిటీ అంత ఉండదు. కొన్ని ప్రైవేట్ కాలేజీలు సొంత నిధుల్లోంచి స్కాలర్‌షిప్ ఇస్తాయి, వాటికి ఇమిగ్రేషన్ కాగితం అడ్డురాదు. స్కూలు కౌన్సెలర్‌ని అడగడానికి మొహమాటపడొద్దని చెప్పండి.

ప్రశ్న: 1996లోనే అమెరికా పార్లమెంటు దీన్ని నిషేధిస్తూ చట్టం చేసిందని చదివాను. మరి రాష్ట్రాలు ఎలా ఇచ్చాయి? ట్యాక్స్ కట్టేవాళ్లకి ఇది అన్యాయం కాదా?
– ఒక లా విద్యార్థి, ఉస్మానియా క్యాంపస్

జవాబు: బాబూ, ఆ చట్టంలో మాట జాగ్రత్తగా చూడు. నివాసం ఆధారంగా కాగితాల్లేనివాళ్లకి కాలేజీ రాయితీ ఇవ్వకూడదు, ఇస్తే ఏ రాష్ట్రంలో ఉన్న అమెరికా పౌరుడికైనా అదే రాయితీ ఇవ్వాలి అంది. పట్టు అంతా 'నివాసం' అన్న మాట మీదే. కాలిఫోర్నియా 2001లో తన చట్టంలో నివాసం అనలేదు, మూడేళ్లు ఇక్కడి హైస్కూల్లో చదివి పాసవ్వాలంది. అలా చదివి తర్వాత వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన అమెరికా పౌరుడికీ అది వర్తిస్తుంది, అలా లాభం పొందిన పౌరులూ ఉన్నారు. దాని మీద కేసు వేస్తే 2010లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టాన్ని నిలబెట్టింది, మరుసటి ఏడాది దేశ సుప్రీంకోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. టెక్సాస్ చట్టంలో రాష్ట్రంలో నివాసం ఉండాలన్న మాట ఉంది, న్యాయశాఖ దాన్నే పట్టుకుంది. కాకపోతే అక్కడ రెండు వైపులా వాదించి కోర్టు తేల్చింది కాదు, రెండు వైపులా ఒకే మాట అంటే ముద్ర వేసింది. ఆ తర్వాత కెంటకీ, మిన్నెసోటా, ఇలినాయ్ మీద కూడా కేసులు వేశారు. ఫ్లోరిడా అయితే 2014లో తానే ఇచ్చినదాన్ని 2025లో తానే తీసేసింది.

ట్యాక్స్ సంగతికొస్తే, టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. ఖజానాకి, బడులకి డబ్బు ఎక్కువగా సేల్స్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్‌ల నుంచి వస్తుంది. చొక్కా కొన్నప్పుడు బిల్లులో పడే ట్యాక్స్ వీసా చూసి పడదు, అద్దెలో కలిసి ఉండే ప్రాపర్టీ ట్యాక్సూ అంతే. ఆ పిల్లాడి ఇంటివాళ్లు పన్నెండేళ్లుగా రెండూ కడుతూనే ఉన్నారు. లోకల్ ఫీజు ఉచితం కూడా కాదు, పక్క బెంచీవాడు కట్టినంతే వీడూ కడతాడు.

ప్రశ్న: మా అక్కావాళ్లు అక్కడ పద్ధతిగా హెచ్-1 మీదే ఉన్నారు, గ్రీన్‌కార్డు లైన్లో పదమూడేళ్లుగా. వాళ్ల పాపకి వచ్చే ఏడాది 21. కాగితాల్లేనివాళ్ల గురించి ఇంత మాట్లాడతారు, వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?
– ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల మనవాళ్ల లైను కదలదు, 21 నిండితే పిల్లలు తల్లిదండ్రుల వీసా నుంచి బయటికొచ్చేస్తారు, ఎఫ్-1కి మారితే చాలాచోట్ల విదేశీ విద్యార్థి ఫీజే కట్టాలి. చిన్నప్పుడు వచ్చి కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్లని వెనక్కి పంపకుండా 2012 జూన్ 15న ఒబామా తెచ్చిన డాకా కూడా వీళ్లకి పనికిరాలేదు, ఎందుకంటే దానికి ఆ రోజున కాగితాలు లేకుండా ఉండాలి. పద్ధతిగా ఉన్నందుకే తప్పిపోయింది. దీనికి కూడా నేను చెప్పేది అదే, బడి ఎక్కడో అక్కడే లోకల్. మీ అక్క కూతురికి న్యాయం జరగాలంటే డాలస్ పిల్లాడికి అన్యాయం జరగాలని ఎక్కడా లేదు. 21 నిండడానికి కనీసం ఆరు నెలల ముందే స్టేటస్ మార్పు దరఖాస్తు పెట్టమనండి, యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి, స్టేటస్ మారాక కూడా లోకల్ ఫీజు కొనసాగుతుందా అని రాతపూర్వకంగా అడగమనండి. నోటిమాట మీద సెమిస్టర్ మొదలుపెట్టొద్దు. స్కూలు ట్రాన్‌స్క్రిప్టులు మొదటి క్లాసు నుంచీ తీసి ఒక ఫైల్లో పెట్టుకోమనండి.