టీమ్‌లో అందరూ తెలివైనవాళ్ళే, అయినా కొత్తది ఎందుకు రావడం లేదు?

పన్నెండుమంది టీమ్, ప్రతి శుక్రవారం ఐడియాల మీటింగ్, అయినా ఏడాదిగా చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటీ రాలేదు, లోపం మనుషుల్లో ఉందా పద్ధతిలో ఉందా అని అడిగారు. ముందు ఒకటి చెప్పండి. ఆ మీటింగ్‌లో మీ సర్వీస్ టెక్నీషియన్ కూర్చుంటాడా?

నేను హైదరాబాద్‌లో పాల పరీక్ష మెషీన్లు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేశాను. ఊళ్ళలో పాల సేకరణ కేంద్రాల్లో పెడతారే, అవి. పాత గెర్బర్ పద్ధతిలో సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి, గాజు గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఫ్యాట్ చూడాలి. మా మెషీన్ కొద్దిగా పాలు పీల్చుకుని, అల్ట్రాసౌండ్‌తో నిమిషంలోపే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో ఫ్యాట్ కాకుండా ఉండే మిగతా ఘనపదార్థం) చూపిస్తుంది. రైతుకు డబ్బు ఆ అంకెను బట్టే వస్తుంది.

2016లో కంప్లయింట్లు మొదలయ్యాయి. పెట్టిన కొన్ని నెలలకు రీడింగ్ తగ్గిపోతోంది. ఫ్యాట్ 6.5 శాతం ఉండాల్సిన గేదె పాలు 6.1 చూపిస్తే లీటరుకు రెండు రూపాయల పైనే పోతుంది. పది లీటర్లు పోసే రైతుకు అది రోజూ తగిలే దెబ్బ. సాఫ్ట్‌వేర్ వాళ్ళు సెన్సర్ తప్పు అన్నారు, హార్డ్‌వేర్ వాళ్ళు రీడింగ్‌ను సరిచేసే కాలిబ్రేషన్ లెక్క తప్పు అన్నారు. నేనూ ఒక పక్షం పట్టుకుని వాదించాను. రెండు నెలలు అలాగే గడిచాయి.

నల్గొండ వైపు తిరిగే టెక్నీషియన్ ఒకరోజు విడిభాగాల కోసం ఆఫీసుకు వచ్చి, మా వాదన విని, "లోపల పాల గార పట్టింది సార్, ఎవరూ సరిగా కడగట్లేదు. నేను రెండుసార్లు రాసిచ్చాను" అన్నాడు. వెతికితే నిజంగానే రెండు సర్వీస్ రిపోర్టుల్లో, కింద రిమార్కుల గడిలో, ఆ మాట ఉంది. మాలో ఎవరూ చదవలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

వెంటనే మా సేల్స్ మేనేజర్, "వాడేవాళ్ళ నిర్లక్ష్యం. కడగకపోతే మెషీన్ లాక్ అయ్యేలా చేయండి" అన్నాడు. అలాగే చేసి ఉంటే పొద్దున ఆరింటికి క్యాన్లతో నిలబడ్డ రైతులు మెషీన్‌ను బయటకు విసిరేసేవాళ్ళు. టెక్నీషియన్ ఒప్పుకోలేదు. ఒకసారి వచ్చి చూడమన్నాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి, హార్డ్‌వేర్ అమ్మాయి, సేల్స్ మేనేజర్, నేను, నలుగురం తెల్లవారుజామున అతనితో వెళ్ళాం.

ఆ కేంద్రం నడిపే ఆవిడ ఒక్కతే శాంపిల్ తీస్తుంది, తూకం వేస్తుంది, స్లిప్పు ఇస్తుంది. ఆఖరి రైతు వెళ్ళగానే పాల బండి వచ్చి హారన్ కొడుతుంది. బండి వెళ్ళగానే ఆవిడ తాళం వేసి పొలానికి పోవాలి. కడగడానికి సమయం ఏది? కానీ ఎంత తొందరలో ఉన్నా ఒక్క బటన్ మాత్రం నొక్కకుండా వెళ్ళదని టెక్నీషియన్ చూపించాడు. అది ఆ పూట పాల లెక్క ప్రింట్ చేసే షిఫ్ట్ రిపోర్ట్ బటన్. "ఆ కాగితం చేతిల పెట్టందే డ్రైవర్ క్యాన్లు ఎత్తడు తమ్మీ" అంది ఆవిడ.

తిరుగు దారిలో జీపులోనే డిజైన్ తయారైంది. కడగడాన్ని ఆ బటన్‌కే కట్టేద్దామన్నాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి. రెండో పంపు అక్కర్లేదు, ఉన్న పంపుకే వాల్వ్ తగిలిస్తే పక్క సీసాలోంచి క్లీనర్ పీల్చుకుంటుందని హార్డ్‌వేర్ అమ్మాయి చెప్పింది.

మొదటి నమూనా పనిచేయలేదు. రిపోర్ట్ చేతికి రాగానే ఆవిడ స్విచ్ ఆపేసేది, కడగడం సగంలో ఆగిపోయేది. ముందు కడిగి తర్వాత ప్రింట్ ఇద్దామంటే బండి ఆగాల్సి వస్తుందని సేల్స్ మేనేజర్ అడ్డుచెప్పాడు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దారి చూపింది ఆవిడే: "ఆఖరి మనిషి పోయినంక క్యాన్ల మూతలు బిగిస్త కదా, అప్పుడే నొక్కుత." మూతలు బిగించేలోపు కడగడం అయిపోయేది, బండి వచ్చేసరికి కాగితం సిద్ధం. ఆ ఏరియాలో రీడింగ్ కంప్లయింట్లు దాదాపు ఆగిపోయాయి.

హైదరాబాద్‌లోనే ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు కాళ్ళకు ఆధారంగా కట్టే, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. డాక్టర్లకు ఆ బాధ తెలుసు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థం మాత్రం అబ్దుల్ కలాం గారి బృందం దగ్గర ఉంది. ఇద్దరూ కలిశాక మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు వచ్చాయని కలాం గారు తన ప్రసంగాల్లో చెప్పేవారు. డాక్టర్లు ఆ పదార్థాన్ని చూడకపోతే, శాస్త్రవేత్తలు ఆ పిల్లల్ని చూడకపోతే, రెండూ ఎక్కడివక్కడే ఉండిపోయేవి.

మా డిజైన్ నోట్‌లో టెక్నీషియన్ పేరు మొదట రాయించాను. దానికి పైవాళ్ళతో గొడవ పడాల్సి వచ్చింది, కానీ పట్టుబట్టాను. ఆ తర్వాత మిగతా టెక్నీషియన్లు రిమార్కుల గడి నింపి, చోటు చాలక వెనక పేజీలో కూడా రాయడం మొదలుపెట్టారు.

అందుకే ఈ శుక్రవారం మీటింగ్‌లో కొత్త ఐడియాలు అడగకండి. గత ఆరు నెలల సర్వీస్ రిపోర్టులు తెచ్చి, రాసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కింది గడి మాత్రం పన్నెండుమందీ కలిసి పైకి చదవండి.