బ్లాక్ టీ పెర్ఫ్యూమ్‌లో టీ వాసనే లేదేమిటి?

సీసా మీద బ్లాక్ టీ అని ఉంది, చల్లుకుంటే చెక్క, పొగాకు వాసన వస్తోంది, నకిలీదేమో అని అడిగారు. ఆ ఒక్క కారణంతో నకిలీ అనలేం. మనం రోజూ టీ వాసన అనుకునే దాంట్లో సగం పాలు, అల్లం, యాలకులే. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లకు బ్లాక్ టీ అంటే పాలు పడని డికాక్షన్, లేదా టీ డబ్బా మూత తీయగానే తగిలే పొడి ఆకు వాసన. ఎండుగడ్డి, పొగాకు ఛాయలు అందులో ఉండేవే.

టీ ఆకు నుంచి తీసిన సారం దొరుకుతుంది గానీ చాలా సీసాల్లో ఆ వాసనను వేరే పదార్థాలతో కూరుస్తారు. మోసమేమీ కాదు, మల్లె, గులాబీ పెర్ఫ్యూముల్లోనూ జరిగేది చాలావరకు ఇదే. ఆకు నలిగి, గాలి తగిలి నల్లబడేటప్పుడు అందులోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు విరిగి అయోనోన్ల వంటి వాసన పదార్థాలు పుడతాయి. గులాబీలో ఉండే జెరానియాల్, ధనియాల నూనెలో అధికంగా ఉండే లినలూల్ కూడా టీలో ఉంటాయి. నొప్పుల బామ్ వాసననిచ్చే మిథైల్ సాలిసిలేట్ కూడా ఉంటుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

బ్లాక్ టీ పెర్ఫ్యూములన్నీ ఒకేలా ఉండవు. చైనాలోని ఫుజియాన్‌లో పైన్ కట్టెల పొగ మీద ఆరబెట్టే లాప్సాంగ్ సూచాంగ్ టీని తలపించేవి కొన్ని. 1998లో అనిక్ మెనార్డో చేసిన బుల్గరీ బ్లాక్‌లో ఆ పొగ, రబ్బరు, వెనిలా కలిసి వస్తాయి. ఒలీవియా జాకొబెట్టి చేసిన టీ ఫర్ టూలో పొగకు మసాలాలు, తేనె తోడవుతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం ఇదే. లె లాబో వారి టే నువార్ 29 దారి వేరు. అందులో అత్తిపండు, దేవదారు, వట్టివేరు, పొగాకు ముందుకొస్తాయి, టీ కోసం వెతుక్కోవాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ సీసా ఈ కోవదే అనిపిస్తోంది.

తేల్చుకోవాలంటే టీ పొడి కాకుండా డార్జిలింగ్ ఆకు టీ కొంచెం తెచ్చి, వేడినీళ్లు పోసి, వడకట్టాక మిగిలిన తడి ఆకును వాసన చూడండి. ఆ వెంటనే పెర్ఫ్యూమ్‌ను కాగితం మీద కాకుండా మణికట్టు మీద చల్లుకుని, గంట ఆగి చూడండి. మొదటి ఘాటు తగ్గాకే నాకు టీ పోలిక దొరుకుతుంది.

మీకు కావలసింది ఇరానీ చాయ్ లాంటి వాసనైతే బ్లాక్ టీ అన్నవి వదిలేసి, పాలు, యాలకులు అని రాసి ఉన్నవి చూడండి. పొగ రకం కొనేముందు మాత్రం చిన్న సాంపిల్ తీసుకోండి. మన మే నెల ఎండలో అది నాకైతే తలనొప్పే.